ట్యాంకు పక్క పైపు

ఆ వేసవిలో నాకు ఆరో నెల. పక్కింట్లో పాలు అడుగంటినా, వీధి చివర బేకరీలో రొట్టె మాడినా ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసిపోయేది. మా ఆయన అచ్చు ప్రెస్సు నుంచి వచ్చి ఇంకా గుమ్మంలో ఉండగానే, ఆ రోజు చేసింది రంగుల పనో నలుపు పనో చెప్పేసేదాన్ని. "దీని ముక్కుకి విడిగా జీతం ఇవ్వాలి" అని మా అత్తయ్య నవ్వేవారు. కారు షెడ్డులో పెట్రోలు వాసన వస్తోందని నేను అన్న రోజున మాత్రం ఎవరూ నవ్వలేదు.

మా వంటింటి తలుపు తీస్తే కారు షెడ్డు. షెడ్డు గోడకి నీళ్ళు కాచే గ్యాస్ గీజర్ ఉండేది. దాని అడుగున చిటికెన వేలంత నీలిమంట పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది. ఆ షెడ్డు మీదే మా పడకగది.

"మీకెవరికీ రావట్లేదా?" అని భోజనాల దగ్గర అడిగాను.

మా ఆయన పళ్ళెంలోంచి తలెత్తలేదు. "పాత కారు కదా, ఆ మాత్రం వాసన ఉంటుంది."

"ఇవాళ ఎక్కువగా ఉంది."

"కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా" అన్నారు అత్తయ్య. "వీడు కడుపులో ఉన్నప్పుడు నాకు సబ్బు వాసనంటే పడేది కాదు. నెలల తరబడి ఉత్త నీళ్ళే పోసుకున్నాను."

మామయ్య చెంచా కింద పెట్టారు. "ఏ వాసనా లేదు. పొద్దున్నుంచీ ఆ షెడ్డులోనే ఉన్నాను. ఉంటే నాకు తెలియదా?"

ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. వాసనల విషయంలో మామయ్య మాటకి తిరుగు లేదు మరి. ఒక పెద్ద హోటల్లో వంటశాలంతా ఆయన చేతుల మీద నడిచింది. మూత తీయకుండానే ఏ గిన్నెలో ఏం తక్కువైందో చెప్పేవారట. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మాస్టరు అనే పిలిచేవారు. కిందటి చలికాలం జ్వరంతో మంచం పట్టి లేచాక, మోకాళ్ళు సహకరించడం లేదంటూ ఉన్నట్టుండి పని మానేశారు.

పని మానేశాక ఆయనలో ఒక మార్పు వచ్చిందని అత్తయ్య మురిసిపోయేవారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ వంటకి ఆయన వంక పెట్టని పూట లేదట. పోపు మాడిందనో, ఉల్లిపాయ పచ్చిగా ఉందనో ఏదో ఒకటి అనకుండా ముద్ద మింగేవారు కారట. అలాంటి మనిషి ఇప్పుడు ఏం పెట్టినా "బాగుంది" అంటున్నారు. "ఇన్నేళ్ళకి మెత్తబడ్డారమ్మాయ్" అని అత్తయ్య నా చెవిలో చెప్పేవారు. ఆ హుషారులో రోజుకో కొత్త కూర ప్రయత్నించేవారు.

కారు మామయ్య ప్రాణం. లేత నీలం రంగు, గుండ్రటి దీపాలు. కొన్నేళ్ళ కిందట హోటల్ యజమాని వదిలించుకుంటుంటే ఆయన కొనుక్కున్నారు. ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ పోయి, పంపు ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి అప్పుడప్పుడే వస్తున్న కాలం నాటి బండి అది. దాని గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

"మామూలు పాత కారులో పెట్రోలు నడిచి వెళుతుందమ్మాయ్. ఇందులో పరిగెడుతుంది. వెనక ట్యాంకు పక్కన పంపు ఉంది. అది తోసే తోపుకి పైపు ఎక్కడ పగిలినా బొట్టుబొట్టుగా కారదు, పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. అదీ వేడి ఇంజను మీద. అందుకే ఈ రబ్బరు పైపులన్నీ మార్చేస్తున్నాను. నువ్వు ఆసుపత్రికి వెళ్ళేదీ ఈ కారులోనే, నా మనవడో మనవరాలో ఇంటికి వచ్చేదీ ఈ కారులోనే."

ఆయన పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎంత ఒత్తిడికైనా తట్టుకునే దళసరి పైపే తెచ్చారు. పంపు ఫ్యూజు తీసేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా నడిపి, లైన్లో ఒత్తిడి దిగాకే క్లిప్పులు విప్పారు. పాత పైపులు తీసి నాకు చూపించారు. పైన గుడ్డ అల్లిక బాగానే ఉంది కానీ వంచితే లోపలి రబ్బరు ఎండిన మట్టిలా పగుళ్ళిచ్చింది. కొత్తవి కొలిచి కోసి, అంచు పైపులోకి దిగని నున్నటి క్లిప్పులు వేసి బిగించారు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఆయన ముఖం చూస్తే నాకూ సంతోషమేసింది.

కానీ వాసన తగ్గలేదు.

మళ్ళీ చెప్పబోతే మామయ్య ముఖం చిట్లించారు. ఇక చేసేదేమీ లేక నాకు తోచిన పని నేను చేశాను. అందరూ అటు తిరగ్గానే షెడ్డులోకి వెళ్ళి గీజర్ మంట ఆర్పేసేదాన్ని; మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే రకం అది. అత్తయ్య స్నానాల గదిలోంచి "ఇదేం గీజరో, మాటిమాటికీ ఆరిపోతోంది" అని విసుక్కునేవారు. మామయ్య వచ్చి మళ్ళీ వెలిగించేవారు. నేను మళ్ళీ ఆర్పేదాన్ని. రాత్రిళ్ళు మంచం మీద పడుకుంటే, చెక్కనేల సందుల్లోంచి పైకి వస్తున్న ఆ వాసనకి కంటి మీద కునుకు ఉండేది కాదు.

"మీ నాన్నతో నువ్వు మాట్లాడు" అని మా ఆయన్ని పోరాను.

"ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారు చెప్పు" అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

తర్వాతి నెల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు మామయ్య కారు తుడిచి వీధిలో పెట్టారు. టాక్సీలో వెళతానని అంటే ఆయన ముఖం ఎలా అయిపోయిందంటే, మారు మాట్లాడకుండా వెనక సీట్లో కూర్చున్నాను. అత్తయ్య ముందు కూర్చున్నారు. ఎండ మండిపోతోంది. నా పక్క అద్దం పూర్తిగా దించాను. బండి మలుపు తిరిగినప్పుడల్లా సీటు వెనక నుంచి వాసన గుప్పున కొడుతోంది. నాలుగు రోడ్ల దగ్గర దీపం ఎర్రగా ఉంది. పక్కన స్కూటరు మీద ఒకాయన సిగరెట్టు వెలిగించుకున్నాడు. మా బండికీ అతనికీ మధ్య చెయ్యి చాచేంత దూరం కూడా లేదు.

"మామయ్యా, పక్కకి ఆపండి. నేను దిగిపోతాను."

"ఇంకెంత, వచ్చేశాం."

"ఆపండి మామయ్యా."

"ఏం లేదంటున్నానుగా! పైపులన్నీ నా చేత్తో వేశాను. నా పని మీద నమ్మకం లేదా నీకు?"

దీపం పచ్చగా మారింది. ఆయన గేరు వేశారు. కారు ఇంకా అంగుళం అంగుళం కదులుతుండగానే నేను తలుపు తీసేశాను. అత్తయ్య కెవ్వుమన్నారు. మామయ్య బ్రేకు తొక్కారు. వెనక బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. నేను కడుపు పట్టుకుని నడిరోడ్డు మీద దిగి, అటూ ఇటూ చూసుకుంటూ కాలిబాట ఎక్కేసి ఆసుపత్రి వైపు నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మళ్ళీ ఎక్కించుకుంటారని భయం.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎడమొహం పెడమొహం. "అందరి ముందూ ఆయన పరువు తీశావు" అని అత్తయ్య ఒక్క మాట అని, తర్వాత నాతో మాట్లాడడమే మానేశారు. మామయ్య పంతం కొద్దీ వెళ్ళి ట్యాంకు నిండుగా పెట్రోలు కొట్టించుకొచ్చారు. నిండు ట్యాంకుతో షెడ్డులో పెట్టి, చూడండి అన్నట్టు వంటింటి తలుపు బార్లా తీసి ఉంచారు.

మర్నాడు పొద్దున్న మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. గుమ్మంలోనే వాసన చెంప మీద కొట్టినట్టు తగిలింది. షెడ్డులో కారు వెనక భాగం జాకీ మీద పైకి లేచి ఉంది. కింద నేలంతా తడి. మామయ్య పొద్దున్నే లేచి మట్టి పోయేలా కారు అడుగంతా నీళ్ళ పైపుతో కడిగినట్టున్నారు. ఇప్పుడాయన గీజర్ ముందు నిలబడి ఉన్నారు. చొక్కా భుజం దగ్గర నుంచి నడుము దాకా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతిలో అగ్గిపెట్టె.

"మళ్ళీ ఆరిపోయింది. మీ అత్తయ్య లోపల నుంచి అరుస్తోంది" అంటూ పుల్ల తీశారు.

కిందటి రాత్రి ఆ మంట ఆర్పింది నేనే.

"మామయ్యా, ఆ అగ్గిపెట్టె ఒకసారి ఇలా ఇవ్వండి." నా గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఎందుకు?"

"స్టవ్ వెలిగించాలి. ఇక్కడ అయిపోయింది."

పుల్ల మళ్ళీ పెట్టెలో పెట్టి ఇచ్చారు. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని, గోడ వారగా నడిచి షెడ్డు పెద్ద తలుపు రెండు రెక్కలూ తోశాను.

"బయటికి రండి మామయ్యా."

"పనుందమ్మాయ్."

"ఒక్క నిమిషం రండి."

ఆయన విసుగ్గా పెరట్లోకి వచ్చారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది.

"మీ చొక్కా తడిసింది."

"కింద కడిగాను కదా, నీళ్ళు."

"నీళ్ళేనా?"

ఆయన భుజం దగ్గర గుడ్డ లాగి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. గుండె నిండా ఊపిరి పీల్చారు.

"నీళ్ళే" అన్నారు.

అని, నా ముఖం చూశారు. నేను రెండు చేతులతో ముక్కు మూసుకుని ఉన్నాను. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి.

నేను పెళ్ళికి ముందు నుంచీ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తున్నాను. చూపు మందగించినవాళ్ళు కొందరు గోడ మీది అక్షరాలు ముందే బట్టీపట్టి వచ్చి గడగడా చదివేస్తారు. పట్టిక మార్చి పెట్టామని చెప్పినప్పుడు వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మామయ్య ముఖం అచ్చం అలాగే ఉంది. ఆయన చొక్కా బొత్తాలు విప్పి, ప్రహరీ గోడ మీద ఆరేశారు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చూస్తుండగానే ఆరిపోయింది. నీళ్ళయితే అంత తొందరగా ఆరవు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాను.

"జ్వరం తగ్గినప్పటి నుంచి." బనీను మీద, ఎండలో, ఆయన ఒక్కసారిగా బక్కచిక్కినట్టు కనిపించారు. "ముందు ఉల్లిపాయ పోయింది. తర్వాత వెన్న. ఇంకో వారానికి ఏమీ లేదు. నెమ్మదిగా వస్తుందిలే అనుకుని పనిలోకి వెళ్ళాను. విరిగిన పాలతో చేసిన పాయసం ఒకరోజు నా చేతుల మీదుగా బయటికి వెళ్ళిపోయింది. పెద్దగా ఎవరికీ ఏమీ కాలేదు. కుర్రాళ్ళెవరో పొరపాటు చేశారనుకున్నారు. నేనే అలా అనుకోనిచ్చాను. మర్నాడు మోకాళ్ళ నొప్పులని చెప్పి వచ్చేశాను."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు." గోడ మీది చొక్కా తీస్తూ, "మీ అత్తయ్యకి చెప్పకు" అన్నారు.

"కారు సంగతి చెప్పాలిగా."

"కారు సంగతి మనం చూద్దాం. నా సంగతి చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. నేను అడిగింది మాత్రం ఆయన తుచ తప్పకుండా చేశారు. గ్యాస్ కట్టేశారు. బ్యాటరీ తీగలు విప్పారు. మా ఆయన్ని నిద్ర లేపి, ఏం ఎందుకు అని చెప్పకుండా ఇద్దరూ కలిసి కారుని పెరట్లోకి, వేపచెట్టు నీడ దాటి ఆరుబయటికి తోశారు. షెడ్డు తలుపులు ఆ రాత్రంతా తెరిచే ఉంచాం. చాలా రోజుల తర్వాత నాకు నిద్రపట్టింది.

మరుసటి రోజు మా ఆయన ప్రెస్సుకి, అత్తయ్య కూరగాయలకి వెళ్ళగానే మామయ్య పని మొదలుపెట్టారు. పాత దుప్పటి చింపి ముక్కలు చేశారు. నన్ను గేటు దగ్గర గాలి వచ్చే వైపు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కో అతుకునీ ఒక్కో శుభ్రమైన గుడ్డతో తుడిచి, చేయి బాగా చాపి నాకు దూరంగా పట్టుకుని ఊపేవారు.

"దగ్గరికి తీసుకోకు. అక్కడి నుంచే చెప్పు."

"నూనె వాసన. ఇది కాదు."

"ఇది?"

"కాదు."

ముందు వైపు తాను వేసిన పైపులన్నీ అయిపోయాయి. ఏ ఒక్క దానికీ పెట్రోలు అంటలేదు. "చూశావా" అన్నట్టు ఆయన కళ్ళు మెరిశాయి. తర్వాత కారు వెనక్కి వెళ్ళి, నేల మీద వెల్లకిలా పడుకుని, లోపలికి చెయ్యి పెట్టి తుడిచారు. ఆయన లేచి గుడ్డ ఎత్తేలోపే నాకు తెలిసిపోయింది.

"ఇదే మామయ్యా. ఇదే."

ఆయన ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశారు. పొడిగా, తెల్లగా ఉంది. "ట్యాంకు పక్క పైపు ఇది. ట్యాంకు నుంచి పంపులోకి వెళ్ళేది. జానెడు కూడా ఉండదు. పైన రేకు అడ్డం. బయటికి ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేది. ఈ ఎండకి కారింది కారినట్టే ఆవిరైపోతోందన్న మాట. నిన్న నిండు ట్యాంకుతో వెనక భాగం ఎత్తేసరికి నా చొక్కా మీదికి దిగింది." గుడ్డ మడతపెట్టారు. "కంటికి కనబడినవన్నీ మార్చాను అమ్మాయ్."

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. అత్తయ్య సంచీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు.

"కడుపుతో ఉన్న పిల్లకి పెట్రోలు గుడ్డలు వాసన చూపిస్తున్నారా? మతి ఉండే చేస్తున్నారా ఈ పని?"

"అది కాదత్తయ్యా..."

"నువ్వు మాట్లాడకు. వాసన పడదని నడిరోడ్డు మీద కారు దిగి వెళ్ళిపోయావు. ఇప్పుడు కుర్చీ వేసుకుని మరీ చూస్తున్నావా? ఏమిటీ నాటకాలు? ఎవరిని వెర్రివాళ్ళని చేద్దామని?"

మాటిచ్చాను కాబట్టి నోరు మెదపలేదు. తల దించుకున్నాను. అత్తయ్య ఇంకా ఏదో అనబోయారు.

"దాన్నేమీ అనకు" అన్నారు మామయ్య. "నాకు వాసన తెలియదు."

"ఏంటి?"

"నాకు వాసన తెలియదు. జ్వరం తర్వాత నుంచి. అందుకే హోటల్ మానేశాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి."

అత్తయ్య సంచీ నేల మీద పెట్టారు. ఏడుస్తారనుకున్నాను, లేదా ఆయన దగ్గరికి వెళతారనుకున్నాను. రెండూ చేయలేదు.

"మరి రుచి?" అని అడిగారు.

"ఉప్పు, పులుపు, తీపి, కారం తెలుస్తాయి. మిగతాదంతా తడిసిన కాగితం నమిలినట్టే."

"రోజూ బాగుందన్నారే."

మామయ్య చేతిలోని గుడ్డ మడత విప్పి మళ్ళీ వేశారు.

"మొన్న ఆదివారం రెండోసారి వడ్డించుకుని తిన్నారే."

"ఉప్పు సరిపోయింది" అన్నారాయన. "అంతవరకూ నిజమే చెప్పాను."

అత్తయ్య సంచీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. వంటింటి తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది. గట్టిగా కూడా వేయలేదు. మామయ్య ఆ తలుపు వంకే చూస్తూ, చేతిలో గుడ్డ ముక్కని చిన్న చిన్న పేలికలు చేస్తూ నిలబడిపోయారు.

ఆ తర్వాతి రోజులు పెట్రోలు వాసన కంటే ఎక్కువగా నాకు ఊపిరాడకుండా చేశాయి. అత్తయ్య వేళకి వండేవారు, వేళకి పెట్టేవారు. ఎలా ఉందని అడగడం లేదు. కొత్త కూరల ఊసే లేదు. మామయ్య తల వంచుకుని తినేసి పెరట్లోకి పోయేవారు. మా ఆయనకి సంగతి తెలిసింది. తర్వాత ప్రెస్సు నుంచి మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి అడిగి తెచ్చి పెరట్లో పెట్టారు. సెలవు పెట్టి మామయ్యతో కలిసి ట్యాంకులోని పెట్రోలు డబ్బాల్లోకి దించారు. జానెడు పైపు కోసం పంపు విప్పాల్సి వచ్చింది. పాతది బయటికి తీసి వంచితే కొసన వెంట్రుక వాసి పగులు కనబడింది. అంతే. అన్నాళ్ళూ మమ్మల్ని పీడించింది అదే.

కొత్త పైపు వేశారు. ట్యాంకులో కాస్త పెట్రోలు పోసి బ్యాటరీ కలిపారు. ఇంజను జోలికి పోకుండా పంపు ఒక్కటే తిప్పి ఒత్తిడి ఎక్కించి చూడాలి. మా ఆయన సిలిండరు పట్టుకుని నిలబడ్డారు. నన్ను గేటు అవతలికి పంపేశారు. పంపు సన్నగా కూసింది. మామయ్య కారు కింద నుంచి అరిచారు.

"పొడిగానే ఉందిరా. వాసన చూడు."

మా ఆయన వంగి చూశారు. "ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది నాన్నా. ఇందాకటి నుంచీ ఒళ్ళంతా పెట్రోలే. నాకేం తెలియడం లేదు."

"ఉన్నట్టా లేనట్టా?"

"ఏమో!"

వంటింటి తలుపు తెరుచుకుంది. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చారు. కొడుకుని పక్కకి జరగమని సైగ చేసి, కారు వెనక నేల మీద మోకాళ్ళూని, తల దాదాపు బంపరు కిందికి పెట్టారు.

"ఉంది" అన్నారు.

"ఎక్కడ?" కారు కింద నుంచి మామయ్య గొంతు.

"మీ చెయ్యి ఉన్న చోట కాదు. ఇంకా ఇటు. ఇటు. ఆఁ, అక్కడ."

పంపు ఆపి, ఒత్తిడి దించి, ఆయన ఆ క్లిప్పు విప్పారు. తొందరలో పాత క్లిప్పే ఒకటి మళ్ళీ వేశారట. దాని అంచు కొత్త రబ్బరుని కొరికేసింది. ఆ ముక్క తీసేసి, ఇంకో ముక్క కోసి, నున్నటి క్లిప్పు వేశారు. చిందిందంతా తుడిచి, గాలికి ఆరనిచ్చి, మళ్ళీ పంపు తిప్పారు. అత్తయ్య మళ్ళీ వంగారు. ఈసారి చాలాసేపు ఉన్నారు.

"లేదు" అన్నారు చివరికి. లేవబోతూ అక్కడే కూర్చుండిపోయారు. "ఇన్నాళ్ళూ నన్నొకసారి అడగాలనిపించలేదా మీకు?"

"ఏమని అడగను?"

"ఇదేం వాసనే, అని."

"సిగ్గేసింది" అన్నారు మామయ్య. ఆయన కాళ్ళు తప్ప మాకేమీ కనిపించడం లేదు.

"బయటికి రండి. నడుం పట్టేస్తుంది" అన్నారు అత్తయ్య.

నాకు నొప్పులు డాక్టరు చెప్పిన తేదీ కంటే ముందే, ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. మా ఆయన ప్రెస్సులో ఉన్నారు. టాక్సీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మామయ్య తాళాలు చేతిలో పట్టుకుని నా వంక చూశారు. రమ్మని అనలేదు. నేనే కారు దగ్గరికి నడిచాను.

"ఆగు" అన్నారు అత్తయ్య. బానెట్ ఎత్తించి ముందు వైపంతా చూశారు. వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. నా నడుములో నొప్పి మెలితిప్పుతోంది. "అత్తయ్యా, త్వరగా" అన్నాను. "నీ కోసమేగా" అంటూనే ఆవిడ ఇంకోసారి చూసి, మోకాళ్ళు దులుపుకుని లేచారు. "ఏం లేదు. ఎక్కు."

సగం దారి వచ్చేసరికి నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధి తగ్గిపోయింది. ముందు సీటు వెనక పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ముక్కూ మొహం ఏవీ నా అదుపులో లేవు. ఏ వాసనా నాకు తెలియడం లేదు.

"ఆపండి" అన్నారు అత్తయ్య.

మామయ్య ఒక్క మాట అడగలేదు. ఎడమకి కోసి, బ్రేకు తొక్కి, తాళం తిప్పి ఇంజను ఆపేశారు. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టేశారు కూడా. వెనక లారీవాడు తిట్టుకుంటూ పోయాడు. అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చారు. ఆయన ఆవిడ ముఖం వంకే చూస్తున్నారు. నేనూ కళ్ళు తెరిచి అటే చూశాను.

"తారు" అన్నారు అత్తయ్య. "ముందెక్కడో రోడ్డు వేస్తున్నారు. పోనివ్వండి."

"తారేనా?"

"తారే."

ఆయన కాలు లోపల పెట్టి తలుపు వేసుకున్నారు. తాళం తిప్పారు.

ఆసుపత్రి గేటులో నన్ను చక్రాల కుర్చీలోకి దించారు. ఆయా తోసుకుని పోతుంటే అత్తయ్య వెంట వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. కారు గేటుకి అడ్డంగా, దించిన చోటే ఉంది. బానెట్ ఎత్తి ఉంది. దాని కింద రెండు తలలు దగ్గరగా వంగి ఉన్నాయి. అత్తయ్య వేలితో ఏదో చూపిస్తున్నారు, మామయ్య తల ఊపుతున్నారు. వాచ్‌మన్ కర్రతో నేల మీద కొడుతూ బండి తీయమని గొంతు చించుకుంటున్నాడు. వాళ్ళిద్దరిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

"మీవాళ్ళేనా?" అని ఆయా అడిగింది.

"మావాళ్ళే" అన్నాను. అంతలో ఇంకో నొప్పి వచ్చింది. ఆమె కుర్చీని గబగబా లోపలికి తోసింది.